లాయరమ్మ సంతకం

"చదవకుండా సంతకం పెడతావేంటమ్మా! నీకేమైనా మతిపోయిందా?" తువ్వాలు మడతపెడుతున్నదాన్నల్లా టీవీ మీద గట్టిగా అరిచాను.

"అదే నేనూ అంటున్నా! ఈ పిల్ల అలా చెయ్యదే!" అంది పక్కన కూర్చుని సాక్సులు జతలు కలుపుతున్న అత్తయ్య. "కొరియర్ కాగితం కూడా రెండుసార్లు చదివిగానీ పెన్ను తియ్యదు కదే!"

ఆ సీరియల్లో లాయరమ్మను రెండేళ్ళుగా మేమిద్దరం సొంత పిల్లలా చూసుకుంటున్నాం. కోర్టులో ఎదుటి వకీళ్ళకు చెమటలు పట్టించే మనిషి. అలాంటిది ఇవాళ తోడికోడలు ఏవో కాగితాలు ముందు పెట్టి "తొందరగా కానీ, పొయ్యి మీద పాలున్నాయి" అనగానే, "నువ్వు చెప్తే చాలక్కా" అంటూ సంతకం గీకి పారేసింది. ఇక ఇల్లు పోతుంది, ఆవిడ రోడ్డున పడుతుంది, మేం ఏడవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. రాసేవాడికి దారి దొరక్క ఆవిడ బుర్ర తీసి పక్కన పెట్టేశాడు, అంతే.

"కథ నడవాలి కదే. ఆవిడ చదివితే అక్కడితో సరి" అని నవ్వారు సోఫాలో ఫోన్ చూసుకుంటున్న మా ఆయన. అదే ఊపులో, "అన్నట్టు, అక్కావాళ్ళింటికి రంగులేయిస్తున్నారట. వచ్చే నెల నలుగురూ ఇక్కడే ఉంటారు. నువ్వుంటావుగా అని చెప్పేశాను. ఆ ట్రైనింగేదో మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళొచ్చులే. సరేనా?" అన్నారు.

ఇది ఆయనకు అలవాటే. సీరియల్ మంచి పట్టులో ఉన్నప్పుడు చూసి అడుగుతారు. నేను టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "ఊఁ" అంటాను. ఆ ఊఁ మీద ఈ ఇంట్లో ఎన్ని పనులు జరిగిపోయాయో! ఆయన స్నేహితుల ఆదివారం భోజనాలు, ఆడపడుచు పిల్లల పరీక్షలకు నా సెలవులు, నేను నేర్చుకుందామనుకున్న ఈత... తరవాత అడిగితే "నువ్వేగా ఊఁ అన్నావు" అంటారు. నిజమే, అన్నాను.

నేను బస్ డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేస్తాను. నా వెనక వాళ్ళు నన్ను రెడ్ సిగ్నల్ అంటారని నాకు తెలుసు, కాస్త గర్వంగానే ఉంటుంది. ఎవరెంత బతిమాలినా, రాత్రంతా బండి నడిపినవాణ్ణి పొద్దున్నే మళ్ళీ ఎక్కనివ్వను. అది చూసే మేనేజరమ్మ వచ్చే నెల పై ఊళ్ళో జరిగే ట్రైనింగ్‌కు నా పేరు పంపింది. పూర్తిచేసి వస్తే అసిస్టెంట్ మేనేజర్ని. ఈసారి వెళ్ళకపోతే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అంత గట్టిదాన్ని, గడప దాటి లోపలికి రాగానే ఎవరి వీలు కోసం ఇలా మెత్తబడిపోతాను? లాయరమ్మ చేత ఆ పిచ్చిపని చేయించినవాడికి జీతమన్నా వస్తుంది. నేను ఇన్నేళ్ళూ నా చేత నేనే ఊరికే చేయించాను.

గొంతు దాకా వచ్చిన ఊఁని మింగేశాను.

"లేదండీ. నేను ట్రైనింగ్‌కి వెళ్తున్నాను."

ఆయన ఫోన్లోంచి తలెత్తారు. "అదేంటే? మరి వాళ్ళందరికీ వంటెవరు చేస్తారు? అయినా నువ్విలా మాట్లాడే మనిషివి కావే!"

అత్తయ్య రిమోట్ అందుకుని టీవీ కట్టేసింది. సీరియల్ మధ్యలో ఆవిడ టీవీ కట్టెయ్యడం ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. వచ్చేది సొంత కూతురాయె, ఇక నాకు చివాట్లు తప్పవనుకున్నాను.

"మీ అక్కకి వంటొచ్చు, నేనే నేర్పాను. నీకు రాదు, ఇప్పుడు నేర్పుతాను" అంది ఆవిడ కొడుకుతో. "అది సరేగానీ, ఇది ఇలా మాట్లాడే మనిషి కాదని నీకెలా తెలుసురా? లాయరమ్మంటే మేం రోజూ చూస్తున్నాం కాబట్టి అలా చెయ్యదని చెప్పగలం. దీన్ని నువ్వెప్పుడు చూశావు?"

ఆయన ఫోన్ పక్కన పెట్టి నా వైపు చూశారు. చాలాసేపే చూశారు. నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి.

"చూసింది చాలుగానీ, అటక మీద నా పెట్టె ఉంది, దించండి" అన్నాను.

ఆయన స్టూలు కోసం వెళ్ళారు.