తాళం వేసిన యంత్రం

నందవరం దగ్గర ఒక ఊరి చేలకు కరెంటొచ్చిన కొత్త. ఉన్నది ఒకటే ట్రాన్స్‌ఫార్మరు, దాన్ని పీక్కుతినడానికి ఆరు మోటార్లు. కరెంటు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు కాబట్టి ప్రతి రైతూ స్టార్టరు పచ్చబొత్తాం లోపలికి నొక్కి, ఊడిరాకుండా పుల్ల గుచ్చి ఇంటికి పోయేవాడు. కరెంటు రాగానే ఆరు మోటార్లూ ఒక్కసారిగా గుర్రుమనేవి, ఫీజు ఠప్పున ఎగిరేది. ఎమ్మిగనూరు నుంచి లైన్‌మాను వచ్చేదాకా ఎవరికీ చుక్క నీరు లేదు.

ఆ ఆరుగురిలో ఒకడైన తిక్కయ్య ఉల్లిచేను గడ్డ ఊరే దశలో ఉంది. ఇంకొక్క తడి అందకపోతే పడ్డ కష్టమంతా మట్టిపాలే. వంతులు పెట్టుకుందామని బతిమాలితే అందరూ సరేనన్నారు, అందరూ పుల్లలు గుచ్చారు. తిక్కయ్యా గుచ్చాడు, అది వేరే సంగతి.

ఒళ్ళు మండి ఆదోనికి పోయి, పాత ఇనుము అంగట్లో ఒక రేకుడబ్బా పట్టుకొచ్చాడు. బరువుకు లోపల సగం ఇటుక పెట్టి తాళం వేశాడు. పైన బల్బు బిగించి, ట్రాన్స్‌ఫార్మరు పక్క స్తంభానికి కట్టి, బల్బుకు లైను నుంచి తీగ లాగి, అందరినీ పిలిచాడు.

"ఆదోని పత్తి జిన్నింగు మిల్లుల్లో ఇట్లాంటియే పెట్టినారప్పా. బల్బు తెల్లగుంటే మోటారు ఏసుకోండి. ఎర్రబడినప్పుడు ఎవురన్నా ఏసినారో, వాళ్ళ మోటారునే కనిపెట్టి కాల్చేస్తాది."

పక్కచేను ఈరమ్మ డబ్బా చుట్టూ ఒకసారి తిరిగింది. "అంత తెలివుందా దీనికి?"

"నీకూ నాకూ కంటే ఎక్కువుందక్కా."

ఆ సాయంత్రానికే పుల్లలన్నీ మాయమయ్యాయి. బల్బు కేసి చూసుకుంటూ, అది తేరుకున్నాకే ఒక్కొక్కరూ మోటారు వేశారు. ఫీజు నిలిచింది, నీళ్ళు పారాయి. ఇంకో రైతు బసన్న అయితే డబ్బాకు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాడు. తిక్కయ్య నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

తనదాకా వచ్చేసరికి బల్బు ఎర్రగా ఉంది. ఇంకొకరు ఆపేదాకా ఆగాలి. లోపలున్నది ఇటుకని తెలిసినవాడు ఎందుకాగుతాడు? దర్జాగా బొత్తాం నొక్కాడు. మోటారు మూలిగింది, వణికింది, కాసేపటికి కమురు వాసన గుప్పుమంది. ఓల్టేజి చాలకపోతే బల్బు ఎర్రబడడమే కాదు, మోటారూ కాలిపోతుందని తిక్కయ్య ఎప్పుడో విన్నాడు గానీ నమ్మలేదు.

పొగ చూసి చేలల్లోని వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. "యంత్రం సెప్పినట్టే సేసింది సూడప్పా!" అంటూ బసన్న మళ్ళీ మొక్కాడు.

తిక్కయ్యకు ఏడుపొచ్చింది. నిజం చెబితే రేపు మళ్ళీ అందరూ పుల్లలు గుచ్చుతారు, ఈరమ్మ మోటారూ ఆడదు. ఇప్పుడు అతని ఉల్లికి దిక్కు ఆ మోటారే. నోరు మూసుకుని ఆమె గట్టు మీదికి పోయాడు.

"ఈరక్కా, నా ఉల్లికి ఒక్క తడి ఇయ్యవా?"

"ఇస్తాలే. బల్బు తెల్లబడనీ. మనకంటే తెలివైందని నువ్వే సెప్తివి గదా."

తిక్కయ్య గట్టు మీద కూలబడి, తాను తాళం వేసిన ఇటుక ఎప్పుడు కరుణిస్తుందా అని చూస్తూ కూర్చున్నాడు.