స్వర్ణ సమాధి పక్కన ఐరిస్

బొబ్బిలిలో సున్నం వేయడంలో నన్ను మించినవాడు లేడంటే గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటారు. అనుకోనివ్వండి. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎన్ని గోడలు తెల్లగా చేశానో లెక్కలేదు. అలాంటివాణ్ణి కన్నకూతురి సమాధికి సున్నం వేయకుండా ఉంటానా?

స్వర్ణ డెంగీతో పోయి మూడేళ్లయింది. నర్సరీలో పనిచేసేది. ఐరిస్ అని పూలమొక్క, దాని దుంప ఒకటి తెచ్చి, ఎర్రమట్టిలో కుళ్లిన ఆకులు కలిపి తొట్టెలో పెట్టింది. పువ్వు చూడకుండానే పోయింది. అది పూసేదాకా బతికించాలి, నాకదొక్కటే పట్టుకుంది. దుంపను తీసుకెళ్లి సమాధి పక్కన నాటాను.

మొదట్లో ఏపుగానే పెరిగింది. తొలి ఈస్టరుకు సమాధికి రెండు పూతలు వేసి, బకెట్టులో మిగిలిన సున్నం మొక్క చుట్టూ పోశాను, చీమలు పట్టకుండా. మరుసటి ఏడు ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. చీడ అనుకుని రెండు దోసిళ్లు పొడిసున్నం కూడా చల్లాను. మొండివాణ్ణి కదా, ఎవరినీ అడగలేదు.

ఈ ఈస్టరుకు స్వర్ణతో పనిచేసిన షాలిని వచ్చి, ఆ ఆకులు చూసి, గుప్పెడు మట్టి పట్టుకెళ్లి పరీక్ష చేయించి, మళ్లీ వచ్చి చెప్పింది.

"బాబాయ్, ఈ రకానికి కొంచెం పులుపు మట్టి ఉండాల. సున్నం పడి ఆ పులుపు సచ్చిపోనాది. మట్టిలో ఇనుం ఉన్నా మొక్క ఏరుకి అందదు, అందుకే ఆకులు పసుపు తిరిగినాయి."

"ఎవులు పోసినారు?" అని అరిచాను, తెలియనట్టు.

మట్టి మారుద్దామని తవ్వితే దుంప చేతిలోనే మెత్తగా విడిపోయింది. అక్కడే కూలబడి ఏడ్చాను. బిడ్డను పూడ్చిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ రోజు తప్పు దోమది.

ఇంటికొచ్చేసరికి నా భార్య ఏసమ్మ గుమ్మంలో ఉంది.

"మొక్క ఎలాగున్నాది మావా?"

"సచ్చిపోనాది. నానే సంపీసినాను, సున్నం పోసి."

ఏసమ్మ నా పక్కన కూర్చుని, నా గోళ్లలో మట్టి కొంగుతో తుడిచింది.

"మిగిలిన సున్నం పారబొయ్యకు, మొక్క కాడే పొయ్యి అన్నది నానే మావా. నువ్వు మర్సిపోనావు."

ఏసమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు. నాకు బాగా గుర్తుంది. అయినా కాదనలేకపోయాను.