మంకుపట్టు

చుండూరు దాటాక స్పీడ్ బ్రేకర్ కనపడక ప్రకాశరావు కారును ఎగరేశాడు. పక్క సీట్లో ఉన్న భార్య తల పైకప్పుకి తగిలింది. తెనాలిలో ఇల్లు చేరగానే ప్రమీలారాణి, "ఇకనుంచి పొద్దుపోతే నేను నడుపుతానండీ. లైసెన్సు తెచ్చుకుంది బీరువాలో దాచుకోడానికా?" అంది.

"మంకుపట్టు పట్టకు ప్రమీలా."

మొండిదానా అని ఉంటే నవ్వేసేదే. కానీ ఆవిడ ఏళ్ల తరబడి తెలుగు చెప్పిన టీచరు. "మంకు అంటే తెలివితక్కువతనం కూడా. నాకు తెలివి లేదంటారా?" అని మాటలు మానేసింది.

"మొండితనమనే కదా అన్నాను," అని ఆయన బిగుసుకుపోయాడు.

ఆ వారమంతా ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడింది. చివరికి ఆదివారం రేపల్లెలో రాత్రి గృహప్రవేశానికి వెళ్తూ, చుట్టుదారైనా బాపట్లలో ఆవిడ గురువు బసవేశ్వరరావుగారింట ఆగారు. తీర్పు ఆయన చెప్పాలి.

మాస్టారు ఇద్దరి వాదనా విని హాయిగా నవ్వారు.

"ఇద్దరూ నిజమే చెప్పారమ్మా. మంకుకి మూర్ఖత్వమనీ అర్థముంది. ఆ మూర్ఖుడన్న మాటే చూడండి. సంస్కృతంలో తెలివిలేనివాడు. మనమేమో ఎంత చెప్పినా విననివాణ్ని అంటున్నాం. తెలియక విననివాడూ, తెలిసీ విననివాడూ పైకి ఒకేలా ఉంటారు. జనం ఇద్దరికీ ఒకే మాట సరిపెట్టేశారు."

ప్రమీలారాణి గెలిచినట్టు భర్తవైపు చూసింది. ఆయన మాత్రం 'తెలిసీ విననివాడు' దగ్గరే ఆగిపోయాడు. కాఫీ చల్లారిపోయినా గమనించలేదు.

బయటికొచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ప్రకాశరావు కారు చుట్టూ తిరిగొచ్చి, తాళం ఆవిడ చేతిలో పెట్టాడు.

"కంట్లో పొర ఉందన్నాడు డాక్టరు. దీపాలు ముద్దముద్దగా కనిపిస్తున్నాయి. ఆపరేషనంటే భయమేసి నీకు చెప్పలేదు."

"ఎప్పుడన్నాడు?"

"ఎండాకాలంలో."

ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుని, అద్దం సర్దుకుంది. "సోమవారం ఆస్పత్రికి వెళ్దాం. నేనూ లోపలికొస్తా," అంది. ఆయన తలూపాడు.

దారిలో నగరం అనే ఊరి సెంటర్లో కారు రెండుసార్లు ఆగిపోయింది. వెనకనించి హారన్లు. ఆవిడ మళ్లీ తాళం తిప్పింది.

"మోగించుకోనీ. మనకేం తొందర లేదు," అన్నాడు ప్రకాశరావు, లేని బ్రేకుని కుడికాలితో గట్టిగా తొక్కుతూ.