కరివేపాకు శనివారాలు

"శ్రీలేఖా, చూశావా! కరివేపాకు కూడా గుమ్మంలోకే వచ్చేసింది. ఇన్నేళ్ళూ శనివారం శనివారం దీనికోసం రైలెక్కి తిరిగావు, పాపం!"

డెలివరీ సంచీలోంచి కట్ట తీసి ఊపుతూ మా ఆయన చైతన్య అన్న మాట ఇది. ప్రేమగానే అన్నాడు, అదే నా ఖర్మ. కట్ట అందుకుని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు కాస్త గట్టిగానే వేశాను. గడప దాటడానికి నాకున్న ఒకే ఒక్క వంకని ఎవరో కవర్లో చుట్టి ఇంటికి పంపించేశారు. ఒళ్ళు మండదా మరి?

కరోనా అని ఏప్రిల్లో సింగపూరంతా మూసేశారు. దానికి ముందు నా శనివారాలు వేరు. మధ్యాహ్నం అంట్లు తోమేసి, "లిటిల్ ఇండియా వెళ్ళి కరివేపాకు తెస్తానండీ" అంటే చాలు, ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కాదు. మా బిషాన్‌లో రైలెక్కితే ఎంతసేపు? కట్ట కొనడం ఎంతసేపు? మిగతా పూటంతా నాది. మ్యూజియంలో చల్లగా తిరిగేదాన్ని. నీళ్ళ ఒడ్డున మెట్ల మీద కూర్చుని, ఎవరో కుర్రాళ్ళు వాయించే గిటారు వినేదాన్ని. గుడి పక్క సందులో చీనావాళ్ళ బొమ్మల నాటకం ఒక్క ముక్క అర్థం కాకుండానే ఆసాంతం చూసేదాన్ని. చీకటి పడ్డాక కట్ట పట్టుకుని ఇల్లు చేరితే, కరివేపాకుకి ఇంతసేపా అని ఒక్కనాడూ ఒక్కరూ అడగలేదు. పప్పు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో తెలిస్తే కదా, ఇది తెలియడానికి! పైగా, తెచ్చిన ఆకుని చైతన్య ఏనాడూ తినడు. ఒక్కొక్కటీ ఏరి కంచం అంచున పెడతాడు. నేనే ఎత్తి చెత్తబుట్టలో వేస్తాను.

ఇప్పుడు నలుగురం, ఒక ఫ్లాటు. డైనింగ్ టేబుల్ చైతన్య ఆఫీసయింది. ఒక గది మా అమ్మాయి వర్షిత స్కూలు. ఇంకో గది అత్తయ్యగారిది. కాకినాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చి, విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయారావిడ. నాకు వంటిల్లుంది కదా, అంటారు అందరూ. ఉంది, నిలబడడానికి. కాళ్ళు మాత్రం ఒక చోట నిలవవు. స్టవ్ దగ్గర్నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి స్టవ్ దగ్గరికి. బాల్కనీలోంచి రైలు కనిపిస్తుంది. ఖాళీగా పోతుంటుంది. ఒకరోజు దాన్ని చూసి ఏడ్చాను కూడా. రైలు కోసం ఏడవడమేంటని తర్వాత సిగ్గేసింది.

అలాంటప్పుడు హేమమాలిని ఆంటీ ఫోను చేసింది. మలేషియాలో పుట్టిన తెలుగావిడ. మ్యూజియంలో వచ్చినవాళ్ళకి బొమ్మలూ వస్తువులూ చూపించి కథలు చెప్పేది. అక్కడే నాకు పరిచయం.

"ఏమ్మా, మకాన్ ఆయెనా?" తిన్నావా అని మలయ్ భాష కలిపి అడగందే ఆవిడకి మాట మొదలవదు. "మ్యూజియం మూసినారని నా నోరు మూస్తానా? శనివారం ఏడింటికి వీడియోలో చూపిస్తాను. రా మా."

వెళ్ళాను. అంటే, ఫోనుని పోపులపెట్టెకి ఆనించాను. ఒక చెవిలో ఆంటీ, ఇంకో చెవిలో కుక్కరు. ఆవిడ పాత తోలుబొమ్మనొకదాన్ని దీపానికి అడ్డం పెట్టగానే దాని రంగులు తెర మీద వెలిగాయి. ఆనందంతో పైకే నవ్వేశాను.

"ఒక్కదానివే నవ్వుకుంటున్నావేంటి?" అని హాల్లోంచి చైతన్య. "నవ్వడం అయ్యాక కాస్త టీ పెట్టు."

"బొమ్మలాటలు చూసే వయసేవిటమ్మా?" అని గదిలోంచి అత్తయ్యగారు.

టీ పెట్టి, ఇచ్చి వచ్చేసరికి ఆంటీ దీపం ఆర్పేసింది. ఆ రాత్రి నాకు పట్టలేనంత కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

మర్నాడు ఆంటీ మళ్ళీ చేసింది. వచ్చే శనివారం అనంతపురం వైపు నుంచి అప్పయ్య అనే ఆయన ఇంట్లోంచే తోలుబొమ్మలు ఆడిస్తాడట. "ఆయన తెలుగు నాకే అందదు మా. నువ్వు ఆ పక్కదానివే కదా, ఇంగ్లీషులో చెప్పి పెట్టు. వంద మంది చూస్తారు."

నేను కదిరిదాన్ని. పెళ్ళయిన కొత్తల్లో 'పోతాండా', 'వస్తాండా' అంటే అత్తయ్యగారు చుట్టాల ముందే నవ్వి దిద్దేవారు. దిద్దించుకుని దిద్దించుకుని, ఆ మాటలు ఉన్నాయనే మర్చిపోయాను. ఇప్పుడవే కావాలట! సరేనన్నాను. చైతన్యకి చెబితే, "ఏడింటికా? నేనేదో ఫైళ్ళు చూసుకోవాలి. నువ్వు కిచెన్‌లో పెట్టుకో" అన్నాడు. వంద మందికి కుక్కరు కూత వినిపించాలన్నమాట.

శనివారం సాయంత్రం చైతన్య స్నానానికి లేచాడు. అతని కంప్యూటర్ని సోఫా మీదికి మార్చి, టేబుల్ తుడిచి, నా హ్యాండ్‌బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి కుర్చీలో పెట్టాను.

తల తుడుచుకుంటూ వచ్చి, "ఇదెవరిది?" అని దాన్ని తీయబోయాడు.

"డాడీ, కెనాట్ లా!" వర్షిత గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "మమ్మీ చోప్ చేసేసింది!"

చైతన్య చెయ్యి ఆగిపోయింది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో ఎంత జనమున్నా, టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ జోలికి అతను ఎన్నడూ పోడు. చేతులు కాలుతున్నా ప్లేటు పట్టుకుని నిలబడతాడు.

"చోపేవిటే?" అన్నారు అత్తయ్యగారు.

"అది పెడితే సీటు వాళ్ళదే, బామ్మా. ఎవరూ టచ్ చెయ్యకూడదు."

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడా" అన్నాను నేను.

"మరి పూరీలు?" అన్నాడు చైతన్య.

"పిండి కలిపి పెట్టాను. వత్తుకోండి."

టిష్యూ ప్యాకెట్ తీసి పక్కన పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చున్నాను. చైతన్య టవలు భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. అత్తయ్యగారు సోఫాలో కూర్చున్నారు. ఫోను తెర మీద ఒక్కొక్క మొహం వెలిగింది. అప్పయ్య వెనక తెల్లబట్ట, దీపం. ఆంటీ నన్ను అందరికీ పరిచయం చేసింది.

"ఈ అమ్మాయి శనివారం తప్పకుండా మ్యూజియానికి వచ్చేది. ఎప్పుడూ చేతిలో కరివేపాకు కట్ట! అడగాలని ఎన్నో దినాల నుంచి అనుకుంటాను. బొమ్మలు చూసేదానికి కరివేపాకు ఏలమ్మా?"

వంటింట్లో అప్పడాల కర్ర చప్పుడు ఆగింది. అత్తయ్యగారు నా వైపు తిరిగారు. మైకు ఆన్‌లోనే ఉంది. ఎన్నేళ్ళయిందో ఆ యాస నోట్లోకి వచ్చి!

"బొమ్మల కోసరమే వస్తా ఉంటి ఆంటీ, పాటల కోసరం వస్తా ఉంటి. కరివేపాకు మా బ్లాకు కింద అంగట్లోనే దొరుకుతాది, మొదట్నించీ."