ఏర్పడుడు

కువైట్‌లో, ఖైతాన్‌లోని ఆ గదిలో పొద్దుగూకితే బియ్యం ఏరడం భూమేశ్ వంతు, కూర వండడం అన్న రాజమౌళి వంతు. ఇద్దరికీ ఒకే కుండ, షువైఖ్‌లో ఒకే గ్యారేజీ. పేరుకు పెద్దోడే గానీ, రాజమౌళికి వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ తమ్ముడు నేర్పినవే. ఆ ముక్కలతోనే పోయి, ఇంజన్ సామాన్లు భూమేశే దొంగిలించాడని వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ చెవిలో ఊదాడు మహానుభావుడు! అసలు దొంగ తనే. పైగా ఫోర్‌మన్ పని మీద కన్ను. రేపు పొద్దున విచారణ. దొంగని తేలితే వేలిముద్రలు తీసి పంపేస్తారు, మళ్లీ కువైట్ మొహం చూడనియ్యరు.

భూమేశ్‌కి కడుపు మండిపోయింది. జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్న తల్లి మైసవ్వకు గది బయటికి పోయి వీడియో కాల్ చేశాడు.

"అవ్వా, నేను అన్నతోని ఏర్పడ్త. ఇగ వేరే కుండ."

మైసవ్వ వద్దనలేదు. పెద్దోడి సంగతి ఆమెకు తెలియంది కాదు.

"ఏర్పడుడంటే ఏందో ఎర్కేనా బిడ్డా? ఏరుడు, పడుడు. బియ్యంల రాయిని ఏరితే పక్కకు పడ్తది సూడు, గట్ల. ఎవలది వాళ్లకు పడాలె. మీ నాయిన, మీ చిన్నాయిన గట్లనే ఏర్పడ్డరు. పళ్లెం ముంగట వెట్టుకొని గదే మాట అను."

భూమేశ్ లోపలికొచ్చి బియ్యప్పళ్లెం ముందేసుకుని అన్నాడు.

"నావి నాకు ఏర్పడాలె."

ఎదురుగా ఉల్లిగడ్డలు కోస్తున్న రాజమౌళి దగ్గాడు. నోట్లోంచి చిన్న చిన్న రాళ్లు పళ్లెంలో రాలాయి. తను నేర్పిన అరబ్బీ ముక్కలే: యల్లా, ఖలాస్, ఇఖామా, అన్నీ. ఉల్లిగడ్డ ఘాటని తిట్టుకుంటూ అతను నోరు కడుక్కోను పోయాడు. భూమేశ్ వాటిని ఏరి జేబులో వేసుకున్నాడు.

"మంచిగ ఏరు తమ్మీ, పండ్లకింద పడ్తయి" అన్నాడు పక్క మంచం మీది దేవయ్య.

పొద్దున కఫీల్ రాజమౌళినే ముందు అడిగాడు, తమ్ముడు ఏమేం తీశాడో చెప్పమని. రాజమౌళి నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు. కఫీల్‌కి అనుమానం వచ్చింది.

"అయితే తీసింది నువ్వేనా?" అన్నాడు అరబ్బీలో.

"ఏమంటుండురా?" అని తమ్ముణ్ణి గోకాడు రాజమౌళి.

"ఫోర్‌మన్ పని జేస్తవా అని అడుగుతుండన్నా."

రాజమౌళి పండ్లన్నీ బయటపెట్టి తలూపాడు. కఫీల్ మళ్లీ అడిగాడు. ఈసారి గుండె మీద చెయ్యేసుకుని మరీ ఊపాడు. అబ్బ, భూమేశ్‌కి కడుపు ఎంత చల్లబడిందో!

వేలిముద్రలు తీసే చోటికి తీసుకుపోను బయటికి కారొచ్చింది.

"ఫోర్‌మన్ రూముకేనారా?"

"ఔ, ఎక్కు."

సాయంత్రం భూమేశ్ ఒక్కడికి సరిపడా బియ్యం ఏరుతుంటే మైసవ్వ ఫోన్ చేసింది.

"అన్నేడిరా? ఫోన్ ఎత్తుతలేడు."

"ఏర్పడ్డం గదవ్వా" అన్నాడు భూమేశ్, పళ్లెంలోంచి తలెత్తకుండా.