టామీ2 రాసింది ఎవరు?

నెలకోసారి నగరంలోని ప్రోగ్రామర్లు ఏదో ఒక కంపెనీ క్యాంటీన్‌లో చేరి, తమ తిప్పలు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటారు. ఈసారి మైకు చిచ్చుబుడ్డి చేతికొచ్చింది. ఆ పేరు పెట్టింది ఆమె అక్క మొగుడు. ఈ సభలు నడిపేదీ ఆయనే.

ముందు వరుసలో, అందరూ మేడమ్ అని పిలిచే ఒక పెద్ద కంపెనీ టీమ్ లీడర్ కూర్చుని ఉంది. మేడమ్ టీమ్‌లో ఒకే ఒక్క ఖాళీ ఉంది. చిచ్చుబుడ్డి ఏడాదిగా కన్నేసి ఉంచిన ఉద్యోగం అది. ఇవాళ నాలుగు ముక్కలు బాగా మాట్లాడి ఆవిడ కంట్లో పడాలని పథకం.

చూపించబోయే కోడ్‌లో రాసినవాళ్ళ పేర్లన్నీ చెరిపేశావు కదా మరదలా అని బావ ముందే అడిగాడు. నగరం పెద్దదే గానీ ప్రోగ్రామర్ల ప్రపంచం అరచేయంత. ఆమె నిజంగానే చెరిపేసింది.

తెర మీద తన ఆఫీసు పాత కోడ్ వేసింది. బిల్లు చూపించే ముందు అది రెండు సెకన్లు ఊరికే ఆగుతుంది. పక్కన ఒక గమనిక: ‘ఎందుకో తెలీదు. తీయకండి.’ అంకెలు దాచే చోట్లకు పెట్టిన పేర్లు టామీ, టామీ2, కొత్త టామీ.

“రాసినాయన లెక్కలు కట్టాడో, కుక్కల్ని కట్టేశాడో” అంది.

ఎవరూ నవ్వలేదు. అందరూ మేడమ్ వైపు చూశారు. ఆ గదిలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళే. వీడియో మీటింగుల్లో ఆవిడ ఒళ్ళోకెక్కి తోకూపే టామీ తెలియనిది ఒక్క చిచ్చుబుడ్డికే. ఒకప్పుడు తన ఆఫీసులో ఈ కోడ్ రాసింది మేడమేనని ఆమెకు అప్పుడు వెలిగింది.

మేడమ్ నెమ్మదిగా లేచింది.

“నేను పెట్టింది ఒక్క సెకనేనమ్మా. అప్పటి బిల్లు మిషనుది నత్తనడక. రెండో సెకను ఎవరిదో?”

బావ చెయ్యి బిక్కుబిక్కుమంటూ పైకి లేచింది. ఆయనా ఒకప్పుడు అక్కడ చేసి బయటపడ్డవాడే. రెండో సెకనూ తనదే, ఆ గమనికా తనదే అని ఒప్పుకున్నాడు. అప్పుడు గది గొల్లున నవ్వింది.

ఆ మిషను పారేసి ఏళ్ళయింది, మరి నువ్వేం చేశావని మేడమ్ చిచ్చుబుడ్డిని అడిగింది. ఈమె అబద్ధం ఆడదామనుకుంది గానీ, ఇంతమంది చుట్టాల్లాంటివాళ్ళ మధ్య అది గుమ్మం కూడా దాటదు.

“ఆ రెండు సెకన్లూ పోయిన నెలే తీసేశానండి. ఏమీ ఆగలేదు.”

“మరి ఎవరికీ చెప్పలేదే?”

“చెప్పేస్తే ఇవాళ ఇక్కడ చెప్పడానికి ఏం మిగులుతుందండీ?”

మేడమ్‌కు నవ్వు ఆగలేదు. పాతది తీసి చూసే ధైర్యం ఉన్నవాళ్ళ కోసమే వెతుకుతున్నానని, ఆ ఉద్యోగం నీదేనని మైకు తీసుకుని మరీ చెప్పింది.

చివరి వరుసలో ఎవరో దగ్గారు. రోజూ పొద్దున్నే మీటింగులో వినే దగ్గు అది. ఆమె మేనేజర్ ఎప్పుడొచ్చి కూర్చున్నాడో ఏమో.

“వెళ్ళు తల్లీ, నేను అడ్డుపడను” అన్నాడు తాపీగా. “కానీ బిల్లు వేగం పెరిగిందని పక్క టీమ్‌కి అవార్డు ఇచ్చేశాను కదా. రాత్రింబవళ్ళు కష్టపడ్డామని చెప్పి మరీ తీసుకున్నారు వాళ్ళు.”

రెండో వరుసలో నలుగురు ఒక్కసారిగా ఫోన్లలోకి తలలు దించారు.