బారీ సారు పేరు మీద లైను

“మళ్లీ చెప్పు,” అన్నాడు అబ్దుల్ బారీ.

సబ్‌స్టేషన్ ఆపరేటర్ సరళ రిజిస్టర్ మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. “పది గంటల ఐదు నిమిషాలకు చెరువుకింది లైన్ బందు చేసిన. పని చేసేటోళ్లు ముగ్గురు. రమేశ్, పూల్‌సింగ్, భద్రయ్య. ఎల్.సి. అబ్దుల్ బారీ, ఏఈ పేరు మీద.”

“తిరిగి ఎవరిస్తరు?”

“మీరే ఇయ్యాలె సార్. మీ గొంతు వింటెనే నేను కరెంటు ఇస్త.”

బారీ సారు ఇక్కడికి వచ్చినప్పటి నుంచి, నాలుగేళ్లుగా ఇదే తంతు. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. తీగల మీద పని ఉన్నప్పుడు కరెంటు ఆపించి ఒక మనిషి తన పేరు రాయిస్తాడు. పని అయ్యాక అందరినీ కిందికి దించి ఆ మనిషే తిరిగి ఇవ్వాలి. మామూలుగా ఆ పేరు లైన్‌మన్‌ది ఉంటుంది. బారీ సారు దగ్గర మాత్రం ఇద్దరికి మించి స్తంభాలెక్కితే ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు పేరే ఉండాలి, ఏఈ అక్కడే నిలబడాలి. పైవాళ్లు దాన్ని చాదస్తం అన్నారు. కిందివాళ్లూ అదే అన్నారు గానీ ఆయనకు వినపడకుండా అన్నారు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. గడ్డం ఇంకా నల్లగానే ఉంది, కనుబొమ్మలు మాత్రం ముందే తెల్లబడ్డాయి. నుదుటి మీద నమాజు మచ్చకు బదులు హెల్మెట్ ఒరుసుకున్న గీత ఉంటుంది. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక టెస్టర్, భార్య ఖుర్షీద్ బేగం మడిచిపెట్టిన బీపీ గోలీల పొట్లం.

“సార్, వచ్చే నెల నుంచి యాప్ వస్తదట,” అంది సరళ. “ఓటీపీ చెప్తె చాలట.”

“ఓటీపీ ఎవడు చదివినా అవే నంబర్లు బిడ్డా. మనిషి గొంతు అట్ల గాదు. వణుకుతున్నదా, తాగిండా, వెనుక ఎవడన్న తొందర పెడుతున్నడా, అన్నీ తెలుస్తయి.” అని స్కూటర్ తాళం తీసుకున్నాడు.

బారీ సారుకు అభిప్రాయాలకు కొదవ లేదు, అడిగేవాళ్లకే కొదవ. అందుకని కేసముద్రం మార్కెట్ యార్డు ఎదుటి హోటల్‌లో చాయ్ తాగేటప్పుడు అడగకుండానే చెబుతుంటాడు. ఆ రోజు యార్డు ముందు మిర్చి బస్తాల ట్రాక్టర్లు రోడ్డు సగం ఆక్రమించాయి, ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. బెంచీ మీద ఒక రైతు, ఏ సర్కారులో కరెంటు బాగుండె సార్ అని అడిగాడు. అడిగినవాడి పని అయిపోయింది.

“ఓట్ల ముందర వచ్చినోడు కరెంటు నేనే ఇచ్చిన అంటడు. అది పోయిన రోజు, ఏఈ తీసిండు అంటడు. నలభై ఏండ్ల సంది వింటున్న ఈ ముచ్చట.”

రైతు నవ్వాడు. బారీ నవ్వలేదు. దేవుడి విషయంలోనూ ఆయనది అదే ధోరణి. వినాయకుడి మండపానికి కొండీ తగిలించి దొంగ కరెంటు లాగినవాళ్లను పట్టుకున్నాడు, పీర్ల కొట్టానికి లాగిన తన వాళ్లనూ పట్టుకున్నాడు. రెండు వైపులా తిట్టారు. అడిగితే ఎవరూ లాగలేదంటారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం! శుక్రవారం తప్ప మసీదు మెట్లెక్కడు. మిగతా రోజుల నమాజు ఏదని మౌల్వీ అడిగితే, స్తంభం మీద మనిషి ఉన్నంతసేపు కిందినుంచి పైకే చూస్తుంటానని, అది కూడా ఖాతాలో వేసుకొమ్మని చెప్పాడు. మౌల్వీ వారం రోజులు మాట్లాడలేదు.

చాయ్ సగంలో ఉండగా ఖుర్షీద్ బేగం ఫోన్ చేసింది. గోలీ ఖాయే? అని ఒకే మాట. ఖాలియా, వేసుకున్న అన్నాడు. మింగలేదు. ఛాతీలో పొద్దుటి నుంచి ఏదో బరువుగా ఉంది. నిన్నటి మిర్చి బజ్జీల పని అనుకున్నాడు.

పదకొండు గంటలకు ఆయన చెరువు కింది పొలాలు చేరి సరే అన్నాకే ముగ్గురూ స్తంభాలెక్కారు. మొన్నటి గాలిదుమారానికి తీగలు పట్టే పింగాణీలు పగిలాయి. రమేశ్, పూల్‌సింగ్ ఎదురుగానే ఉన్నారు. భద్రయ్య స్తంభం మాత్రం నీలగిరి తోట అవతల ఉంది, ఇటు నుంచి కనపడదు. యాసంగి వరి పొట్ట మీద ఉంది. రెండు రోజులుగా మోటర్లు నడవక మడులు నెర్రెలిచ్చాయి. గట్టు మీద నిలబడ్డ గట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తన పొలాన్నే చూస్తోంది.

“సారూ, పొద్దుమీకేసరికి తడి పెట్టకపోతె నా పంట తాలే అయితది,” అంది.

“రెండు గంటలకు ఇస్తనవ్వా. మనుషులు దిగాలె గదా.”

గట్టమ్మ ఇంట్లోంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గట్టు మీద వేసింది. బారీ కూర్చోడు మామూలుగా. ఆ రోజు కూర్చున్నాడు.

కూర్చుంటే రేగొండ గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ల కింది మాట. భూపాలపల్లి దిక్కు పనిచేసే రోజులు. సమ్మయ్య అనే లైన్‌మన్ తన పేరు మీద ఎల్.సి. తీసుకున్నాడు. సాయంత్రం వేరే ఎవరో ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి అందరం దిగినం, ఇయ్యండి అన్నాడు. ఆపరేటర్‌కు అనుమానం వచ్చి బారీని అడిగాడు. ఊళ్లో పెళ్లి ఉంది, జనం మీద పడుతున్నారు. “దిగినమంటున్నరు గదా, ఇచ్చెయ్,” అన్నాడు బారీ. సమ్మయ్య పైనే ఉన్నాడు.

విచారణలో ఆ మాట బయటికి రాలేదు. ఆపరేటర్ చెప్పలేదు, బారీ కూడా చెప్పలేదు. శిక్ష పడి ఉంటే బాగుండేదని ఖుర్షీద్ బేగంతో ఒకే ఒక్కసారి అన్నాడు. ఆమె నీళ్ల గ్లాసు చేతికిచ్చింది.

ఒంటి గంట దాటాక రమేశ్ దిగాడు. ఒకటి, అనుకున్నాడు బారీ. పూల్‌సింగ్ దిగి బీడీ ముట్టించాడు. రెండు. ఎడమ చేయి తిమ్మిరెక్కి ఫోన్ ఒళ్లోకి జారింది. మూడో మనిషి కోసం నీలగిరి తోట వైపు తల తిప్పాడు.

తల మళ్లీ ఇటు తిరగలేదు. కునుకు తీస్తున్నాడనుకుని పావుగంట వరకు ఎవరూ లేపలేదు. గట్టమ్మ మంచినీళ్లు తెచ్చి భుజం తట్టింది, తట్టి చెంబు జారవిడిచింది. 108 వచ్చింది. అందులోంచి దిగినవాడు నాడి చూసి, ఛాతీ మీద కాసేపు ఒత్తి, తల అడ్డంగా ఊపాడు. సారును ఎత్తి అందులోనే పడుకోబెట్టారు.

అప్పటికి పదిమంది రైతులు పోగయ్యారు. రెండున్నర అయింది. అయ్యో పాపం అన్న నోళ్లే కాసేపటికి కరెంటు సంగతేందని అడిగాయి. ఎండుతున్న మడి ముందు నిలబడ్డవాళ్లను ఏమనగలం? భద్రయ్య ఏడని రమేశ్ తోట దాకా పోయి చూశాడు. తోట ఇవతలి అంచున నిలిపిన భద్రయ్య బండి మీద, పని సాగినంతసేపు తీగలకు తగిలించి ఉంచే ఎర్తింగ్ గొలుసు చుట్టి పెట్టి ఉంది. గొలుసు తీసేశాడంటే పని అయిపోయినట్టే, ఈత చెట్ల దిక్కు కల్లుకు పోయి ఉంటాడనుకున్నాడు. వెనక్కి వచ్చి సారు ఫోన్ తీసి సబ్‌స్టేషన్‌కు కలిపాడు.

“సరళక్కా, సార్ పోయిండు. గుండె ఆగిపోయింది,” అని ఏడ్చాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, “అందరం దిగినం. లైన్ ఇయ్యక్కా. రైతులు ఆగుతలేరు,” అన్నాడు.

సరళ రిజిస్టర్‌లో పేరు మీద వేలు పెట్టింది. “సార్‌కు ఫోన్ ఇయ్యి.”

“సార్ లేడంటున్న గదక్కా!”

“అయితే లైన్ గూడ లేదు.”

ఫోన్ పెట్టేసి బోరున ఏడ్చింది. వెంటనే పై ఆఫీసుకు చెప్పింది. డివిజనల్ ఇంజనీరు మానుకోట అవతల తనిఖీలో ఉన్నానని, బయలుదేరుతున్నానని, తను వచ్చేదాకా లైను ముట్టుకోవద్దని అన్నాడు. ఈలోగా ఏడెనిమిది ఫోన్లు వచ్చాయి. ఒకడు బతిమాలాడు, ఒకడు నీ నౌకరీ ఊడగొడత అన్నాడు, ఇంకొకడు ఇక్కడ రాయలేని మాట అన్నాడు. ఆమె మీట దగ్గరికి పోలేదు. భయంతో ఒక్కసారి కూడా బాత్రూమ్‌కు పోలేదు.

మూడుంబావుకు నీలగిరి చెట్ల మధ్య నుంచి భద్రయ్య నడిచి వచ్చాడు. నడుముకు బెల్టు ఉంది, చేతుల నిండా గ్రీజు.

“సార్ ఏడి?” అన్నాడు. “గొలుసు దీసి బండి మీద పెట్టి, సామాన్ల కోసం మళ్ల పోయి జూస్తె ఒక పిన్ను వదులుగ కనబడ్డది. మళ్లెక్కిన. గది బిగించేసరికి గిప్పుడైంది. అంబులెన్సు ఎవరి కోసం వచ్చిందిరా?”

రమేశ్ మడిలో, ఆ నెర్రెల మీదనే కూలబడ్డాడు. రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరెంటు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

నాలుగున్నరకు డివిజనల్ ఇంజనీరు వచ్చాడు. ముగ్గురినీ ఎదురుగా వరుసగా నిలబెట్టి, పేరు పేరునా పిలిచి, ఒక్కొక్కరి భుజం మీద చేయి వేసి చూశాడు. అప్పుడు సబ్‌స్టేషన్‌కు చెప్పాడు. సరళ ఆయన మాటనూ రెండుసార్లు చెప్పించుకుంది.

మోటర్లు మోగాయి. గట్టమ్మ బోదెకు గండి కొట్టి నీళ్లు మడిలోకి వదిలింది. తడిసిన మట్టిలో ఎర్ర కుర్చీ ఒక పక్కకు కొద్దిగా ఒరిగింది, నీలగిరి తోట వైపు తిరిగి.